అమ్మానాన్నలు వచ్చారా? టెక్సాస్ స్టేట్ పార్కుల్లో చిన్న ట్రెయిల్ నడిపించండి ఇలా

నవంబరులో ఒక పొద్దున, టెక్సాస్‌లోని ఎన్‌చాంటెడ్ రాక్ అనే పెద్ద రాతి గుండు మీద సగం దూరం ఎక్కాక మా బాపు ఆగిపోయాడు. ఆయాసం వచ్చిందేమోనని నాకు టెన్షన్. ఆయన వంగి, గులాబీ రంగు రాయి మీద అరచేయి ఆనించి, "ఇది మన భువనగిరి గుట్టలెక్కనే ఉందిరా" అన్నాడు. పక్కనే గుండు నుంచి ఊడిన రాతి పొర ఒకటి విరిగిన పెద్ద అప్పడంలా పడి ఉంది. దాన్ని వేలి కణుపుతో తట్టి, డొల్లగా మోగితే ఇంకోసారి తట్టాడు. ఆరు వారాలుగా అపార్ట్‌మెంట్‌లో టీవీ, వాట్సాప్, సాయంత్రం కాంప్లెక్స్ చుట్టూ నాలుగు రౌండ్లు తప్ప ఇంకేమీ లేని మనిషి, ఆ రోజు కిందికి దిగేదాకా మాట్లాడుతూనే ఉన్నాడు.

ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను నయాగరాకు, వెగాస్‌కు, గుడికి, మాల్‌కు తిప్పుతాం. ఇంటికి గంటా రెండు గంటల దూరంలో ఉన్న స్టేట్ పార్కు మాత్రం గుర్తుకురాదు. మట్టి మీద నడిచి బతికినవాళ్లకు కాలికింద నేల తగలడం ఎంత అవసరమో ఆ రోజు నాకు అర్థమైంది. నేను ఆస్టిన్‌లో ఉంటాను కాబట్టి టెక్సాస్ పార్కుల గురించే రాస్తున్నాను. మీరు వేరే రాష్ట్రంలో ఉంటే పార్కుల పేర్లు మార్చుకోండి, పద్ధతి చాలావరకు ఇదే.

1. మైళ్ల కన్నా ముందు మోకాళ్లు

ట్రెయిల్, అంటే పార్కులోని నడక దారి, ఎంచుకునేటప్పుడు అందరూ మొదట దూరం చూస్తారు. పెద్దవాళ్లతో వెళ్లేటప్పుడు మూడు సంగతులు కలిపి చూడాలి: పోనూ రానూ దూరం, మొత్తం ఎక్కాల్సిన ఎత్తు, దారిలో నీడ.

ముందు దూరం. కొన్ని మ్యాపుల్లో ఒకవైపు దూరమే రాస్తారు, కొన్నింట్లో రెండు వైపులా కలిపి రాస్తారు. ఎన్‌చాంటెడ్ రాక్ సమిట్ ట్రెయిల్ 0.8 మైలు అంటే పైకి వెళ్లే దూరం మాత్రమే. తిరిగి రావడం కలిపితే 1.6 మైళ్లు, సుమారు రెండున్నర కిలోమీటర్లు.

తర్వాత ఎత్తు. ఆ గుండు చుట్టూ ఉన్న నేల నుంచి 425 అడుగులు లేస్తుంది. అమ్మకు అడుగుల్లో చెబితే ఏమీ తెలియదు, మెట్లలో చెప్పండి. మెట్టు ఆరున్నర అంగుళాలు అనుకుంటే దాదాపు 800 మెట్లు. అప్పుడు వెంటనే, "అలిపిరి నుంచి 3550 మెట్లు ఎక్కినం, ఇదెంత" అంటారు. మా ఇంట్లోనూ అన్నారు. కానీ అలిపిరి దారిలో పైన కప్పు ఉంటుంది, తాగడానికి నీళ్లుంటాయి, నీడలో కూర్చోవడానికి చోటు ఉంటుంది. ఈ గుండు మీద ఆ మూడూ ఉండవు. ఈ తేడా బయల్దేరే ముందే వివరంగా చెప్పండి.

నీడ సంగతి మొదటి ఏడాది నేను పట్టించుకోలేదు. జులైలో, పదకొండు గంటలకు, ఒకవైపు మైలున్నర ఉన్న ట్రెయిల్‌కు తీసుకెళ్లాను. దూరం తక్కువే కదా అనుకున్నాను. దారి పొడవునా మోకాలెత్తు గడ్డి, తెల్ల రాళ్లు, కింద నుంచి కొట్టే సెగ. ముప్పావు మైలు దగ్గర అమ్మ ఒక రాయి మీద కూర్చుండిపోయింది. ముఖం ఎర్రబడింది, చెమట ఆగిపోయినట్టు అనిపించింది. గొడుగు పట్టి, తల మీద నీళ్లు పోసి, పావుగంట ఆగి, మెల్లగా వెనక్కి తెచ్చాను. ఏమీ కాలేదు కానీ ఆ పావుగంట నేను మర్చిపోలేదు.

ఇప్పుడు నా లెక్క ఒకటే: పెద్దవాళ్లు, చిన్నపిల్లలు ఉంటే మైలుకు గంట. 1.6 మైళ్లంటే గంటన్నర, పైన కూర్చోవడానికి ఇంకో అరగంట. మోకాళ్ల నొప్పులు ఉన్నవాళ్లకు ఎక్కడం కన్నా దిగడం కష్టం, కాబట్టి "ఇంకా ఎక్కగలను" అనిపించే చోటే వెనక్కి తిరగాలని ముందే ఒప్పించండి.

2. ఎవరికి ఏ పార్కు

పార్కులు చాలా ఉన్నాయి. పెద్దవాళ్లను తీసుకెళ్లడానికి బాగుంటాయని నేను నమ్మినవాటి గురించే చెబుతాను.

ఎన్‌చాంటెడ్ రాక్ తెలంగాణవాళ్లకు, ముఖ్యంగా గుట్టల పక్కన పుట్టినవాళ్లకు, నా మొదటి సిఫారసు. ఫ్రెడరిక్స్‌బర్గ్ ఊరికి ఉత్తరాన సుమారు 17 మైళ్లు. సుమారు 100 కోట్ల ఏళ్ల కిందట భూమి లోపల గడ్డకట్టిన గ్రానైట్ ఇది. మీద ఉన్న మట్టీ రాళ్లూ అరిగిపోయి బరువు తగ్గేసరికి రాయి వ్యాకోచించి ఉల్లిపాయలా పొరలు పొరలుగా విడుతోంది. బాపు తట్టి చూసింది ఆ పొరనే. హైదరాబాద్, భువనగిరి చుట్టుపక్కల గుండ్లు కూడా ఇదే తీరుగా పొరలు విడుస్తాయి. వయసులో మనవే పెద్దవి, దాదాపు 250 కోట్ల ఏళ్లు. ఈ మాట చెప్పగానే బాపు ముఖంలో కనిపించిన గర్వం చూసి తీరాలి.

కింద కాసేపు చెట్ల మధ్య దారి, ఆ తర్వాత అంతా బోడి రాయి. పైన వాన నీళ్లు నిలిచే చిన్న చిన్న దొనలుంటాయి. వాటిలో గోరంత రొయ్యల్లాంటి ప్రాణులు పుడతాయి. దొన ఎండిపోయినా వాటి గుడ్లు మట్టిలో బతికే ఉంటాయి. కాబట్టి ఎండిన దొనలో కూడా కాలు పెట్టకూడదు, పిల్లలకు ఇది తప్పకుండా చెప్పండి. రాయి తడిగా ఉంటే ఎక్కొద్దు, జారుతుంది. కుక్కలను సమిట్ ట్రెయిల్ మీదికి రానివ్వరు. ఇంకో జాగ్రత్త: పైకి చేరగానే పార్కింగ్ ఏ వైపు ఉందో ఫోన్‌లో ఒక ఫోటో తీసుకోండి. రాయి అన్ని వైపులా ఒకేలా ఉంటుంది, దిగేటప్పుడు దారి తప్పి పక్కకు వెళ్లిపోవడం చాలా తేలిక.

పెడర్నాలిస్ ఫాల్స్ జాన్సన్ సిటీ దగ్గర ఉంది. స్థానికులు "పర్డినాలిస్" అంటారు, దారి అడిగితే అలాగే అడగండి. పార్కింగ్ నుంచి జలపాతం కనిపించే చోటుకు పావు మైలు నడక, అంతే. మోకాళ్లు బాగా నొప్పి ఉన్నవాళ్లు కూడా మెల్లగా వెళ్లి రావచ్చు. కానీ జలపాతం అనగానే కుంతాలలా నిలువునా దూకుతుందని ఊహించుకుంటే నిరాశ పడతారు. ఇక్కడ నది సుమారు 3000 అడుగుల పొడవునా యాభై అడుగులు మాత్రమే దిగుతుంది. పలకలు పలకలుగా పేర్చినట్టున్న సున్నపురాయి మీద నుంచి నీళ్లు మెట్లు దిగినట్టు వస్తాయి. పైన కూర్చుని అరగంట చూస్తేనే ఆ అందం పట్టుబడుతుంది. జలపాతం దగ్గర నీళ్లలో దిగడం నిషేధం. ఈతకు పార్కులోనే వేరే చోటు ఉంది.

ఆస్టిన్‌వాళ్లకు ఊళ్లోనే మెకిన్నీ ఫాల్స్ ఉంది. ఆనియన్ క్రీక్ ట్రెయిల్ 2.8 మైళ్లు, గట్టి రోడ్డులాంటి దారి, స్ట్రోలర్ కూడా వెళ్తుంది. మొత్తం నడవక్కర్లేదు, సగంలో తిరిగి వచ్చేయండి. అక్కడ 500 ఏళ్లు దాటిన సైప్రస్ చెట్టు ఒకటి ఉంది, ఓల్డ్ బాల్డీ అంటారు. మా అమ్మ దాని ముందు ఎవరూ చెప్పకుండానే చెప్పులు విడిచింది.

హ్యూస్టన్ వైపు, కేటీ, షుగర్‌ల్యాండ్‌లలో ఉన్నవాళ్లకు బ్రేజోస్ బెండ్. ఎత్తులు ఎక్కే పనే లేదు, అంతా చదును. ఫార్టీ ఏకర్ లేక్ చుట్టూ 1.2 మైళ్లు. కొంగలు, నీటికోళ్లు, వాటితో పాటు మొసళ్లు (అలిగేటర్లు) గట్టు మీదే పడుకుని ఉంటాయి. కనీసం 30 అడుగుల దూరం ఉండాలన్నది అక్కడి నియమం. మనవడి చేయి తాత చేతిలో ఉండాలి, కెమెరా ఇంకెవరైనా పట్టుకోవాలి.

డల్లాస్ నుంచి గంటన్నర దూరంలో, గ్లెన్ రోజ్ దగ్గర డైనోసార్ వ్యాలీ. పలక్సీ నది అడుగున సుమారు 11.3 కోట్ల ఏళ్ల నాటి అడుగుజాడలు రాయిలో అచ్చుపడి ఉన్నాయి. మూడు వేళ్లవి మాంసం తినే జాతివి, ఏనుగు పాదంలా గుండ్రంగా ఉన్నవి మెడ పొడుగు శాకాహారులవి. మా అబ్బాయి మూడు వేళ్ల గుంతలో రెండు కాళ్లూ పెట్టి నిలబడితే ఇంకా చోటు మిగిలింది. నదిలో నీళ్లు తక్కువ ఉన్నప్పుడే అవి కనిపిస్తాయి, అంటే వేసవి చివర్లో అవకాశం ఎక్కువ. వెళ్లే ముందు రోజు పార్కు పేజీలో నీటి మట్టం ఎలా ఉందో చూసుకోండి, లేకపోతే నది చూసి తిరిగి రావాల్సిందే.

కొలరాడో బెండ్‌లో గోర్మన్ ఫాల్స్ చాలా అందమైన జలపాతం. కానీ పోనూ రానూ మూడు మైళ్లు, నీడ లేదు, చివర్లో నున్నగా అరిగిన రాళ్ల మీద కేబుల్ పట్టుకుని దిగాలి. పెద్దవాళ్లతో వద్దు. వాళ్లు ఊరికి వెళ్లాక మీరు స్నేహితులతో వెళ్లండి.

3. నెల, గంట

అమ్మానాన్నలు మేలో వచ్చి అక్టోబరులో వెళ్లిపోతారు, ఎక్కువ ఇళ్లలో ఇంతే. చికాగోకు అది సరైన కాలం. టెక్సాస్‌కు తలకిందులు. వీలైతే అక్టోబరులో రమ్మనండి, ఏప్రిల్ దాకా నడవడానికి బాగుంటుంది. మార్చి చివర, ఏప్రిల్ మొదట్లో బ్లూబొనెట్ పూలు. లాస్ట్ మేపుల్స్ అనే పార్కులో ఆకులు ఎర్రబడేది అక్టోబరు చివరి నుంచి నవంబరు మధ్యలోపు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా సెడార్ చెట్ల పుప్పొడి గాలిలో నిండి ఉంటుంది, ఆస్తమా ఉన్నవాళ్లకు ఆ నెలల్లో ఇన్‌హేలర్ జేబులో ఉండాలి.

వేసవిలోనే వస్తే, పార్కు గేటు తెరిచే వేళకు అక్కడ ఉండండి, పదింటికల్లా తిరిగి కారెక్కండి. "నల్లగొండల 44 డిగ్రీలు చూసినోళ్లం, ఈ 35 మాకొక లెక్కనా" అంటారు. నిజమే. కానీ 44 డిగ్రీలప్పుడు నల్లగొండలో మధ్యాహ్నం ఎవరూ గుట్ట ఎక్కరు, తలుపులేసుకుని పడుకుంటారు. ఇదే మాట చెప్పండి, వింటారు.

4. రిజర్వేషన్

రిజర్వేషన్ లేకుండా శనివారం పొద్దున లేచి బయల్దేరితే గేటు దగ్గర నుంచి వెనక్కి పంపేయొచ్చు. పేరున్న పార్కుల్లో లోపల మనుషులు నిండగానే గేటు మూసేస్తారు. డే పాస్ ముప్పై రోజుల ముందు నుంచే ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ఎన్‌చాంటెడ్ రాక్‌కు నవంబరు వారాంతాల్లో కావాలంటే తెరిచిన మొదటి రోజుల్లోనే తీసుకోండి. పన్నెండేళ్లు, అంతకన్నా తక్కువ వయసు పిల్లలకు టికెట్ లేదు. ఏడాదిలో నాలుగైదు సార్లు వెళ్లే ఆలోచన ఉంటే వార్షిక పాస్ తీసుకోండి. ఒకే కారులో వచ్చిన వాళ్లందరికీ ఆ ఒక్క పాస్ సరిపోతుంది కాబట్టి, ఇంటికి నలుగురైదుగురు పెద్దవాళ్లు వచ్చిన ఏడాది గిట్టుబాటు. పాస్ ఉన్నంత మాత్రాన లోపలికి పంపిస్తారన్న హామీ లేదు, రోజు రిజర్వేషన్ విడిగా చేసుకోండి, చాలామంది ఇక్కడే పొరపాటు పడతారు.

ఆఫీసులో పని చేసేవాళ్లైతే ఒక్క బుధవారం సెలవు పెట్టండి. జనం ఉండరు, పెద్దవాళ్లు ఎవరికీ అడ్డం అవుతున్నామన్న బెరుకు లేకుండా నడుస్తారు.

రిజర్వేషన్, ట్రెయిల్ మ్యాప్ రెండూ ఇంటి దగ్గరే ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఆస్టిన్‌కు పడమర ఉన్న కొండ ప్రాంతం, హిల్ కంట్రీలో చాలా చోట్ల సిగ్నల్ రాదు. పార్కు ఆఫీసు నంబరు కూడా రాసుకోండి.

5. బూట్లు, చీర, బ్యాగు

బూట్లు కనీసం రెండు వారాల ముందు కొనండి. సాక్సు వేసుకుని, సాయంత్రం కాళ్లు కాస్త ఉబ్బిన వేళ కొలత చూడాలి. ముందు వైపు బొటనవేలి వెడల్పంత ఖాళీ ఉండాలి. లేకపోతే దిగేటప్పుడు గోళ్లు బూటుకు కొట్టుకుని నల్లబడతాయి. రోజూ కాంప్లెక్స్ చుట్టూ నడిచేటప్పుడు ఆ బూట్లే వేయించండి.

అమ్మకు చుడీదార్ అలవాటు లేకపోతే బలవంతపెట్టకండి. మా అమ్మ నేత చీరలోనే ఎక్కింది, కుచ్చిళ్లు జానెడు పైకి దోపుకుని, కొంగు నడుముకు చుట్టుకుని. సిల్కు, పాలియెస్టర్ మాత్రం వద్దు. తలకు వెడల్పు అంచు టోపీ పెట్టుకోవడానికి ఒప్పుకోకపోతే తువ్వాల తడిపి చుట్టండి.

నీళ్లు మనిషికి గంటకు అర లీటరు నుంచి లీటరు లెక్కన. దానితో పాటు ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, ఐసు ముక్కలతో ఫ్లాస్క్‌లో. చెమటలో పోయిన ఉప్పు వెనక్కి రావాలంటే పెద్దవాళ్లు ఇష్టంగా తాగేది ఇదొక్కటే, రంగు డ్రింకులు ముట్టరు. తినడానికి పల్లీ పట్టీలు, ఖర్జూరాలు. షుగర్ ఉన్నవాళ్లకు నాలుగు గ్లూకోజ్ బిస్కెట్లు పక్క జేబులో, బ్యాగు అడుగున కాదు. పులిహోర, దద్దోజనం కారులోని ఐస్ బాక్సులో ఉంచి, దిగివచ్చాక పిక్నిక్ టేబుల్ దగ్గర తినండి.

బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేలా చేస్తాయి, ఎండలో ఒంట్లో నీరు తొందరగా తగ్గుతుంది. ఏ మాత్ర వాడుతున్నారో చెప్పి ముందే డాక్టర్ని అడగండి. ట్రెయిల్ మొదట్లోనే బాత్రూమ్‌కు వెళ్లి రమ్మనండి. లోపల ఉండవు. ఈ భయంతోనే చాలామంది ఆడవాళ్లు పొద్దుటి నుంచి నీళ్లు తాగరు, మీకు చెప్పరు కూడా.

6. నడిచేటప్పుడు

అందరికన్నా నెమ్మదిగా నడిచేవాళ్లు ముందుండాలి. వెనక ఉంటే అందుకోవాలని ఆయాసపడతారు. నడుస్తూ మాట్లాడగలిగితే వేగం సరిగ్గా ఉన్నట్టు, మాట మధ్యలో ఊపిరి అందకపోతే ఆగాలి.

దారిలో బాపుకు తెలిసిన చెట్లు కనిపించాయి. మెస్కీట్ చూసి "సర్కారు తుమ్మ" అన్నాడు. రెండూ ఒకే కుటుంబానివి, దగ్గరి చుట్టాలే. నాగజెముడు సరేసరి. తెలియనిది పాయిజన్ ఐవీ. మన దురదగొండిలాగే మూడేసి ఆకులుంటాయి. దురదగొండికి కాయ మీది నూగుతో దురద, దీనికి ఆకు తగిలినా చాలు, తగిలిన చోటల్లా దద్దుర్లు. మూడాకుల మొక్క ఏదైనా ముట్టుకోవద్దని చెప్పండి.

పాములకు మనం తెలిసినవాళ్లమే. రాళ్ల సందుల్లో చేయి పెట్టకూడదు, పడిపోయిన మొద్దు దాటేముందు అవతల చూడాలి. గజ్జెలు వణికినట్టు చప్పుడు (రాటిల్‌స్నేక్ అనే విషపాము తోక చప్పుడు) వినిపిస్తే ఉన్నచోటే ఆగి, ఎక్కడుందో చూసి, వెనక్కి జరగాలి.

కొబ్బరికాయ కొట్టడం, దీపం పెట్టడం, పువ్వు కోయడం వద్దని ప్రేమగా చెప్పండి. జింకలకు చపాతి వేయడం కూడా నిషేధమే. అమ్మకు ఇది చాలా కష్టంగా అనిపించింది.

నీళ్ల విషయంలో మాత్రం మొహమాటం వద్దు. హిల్ కంట్రీ నేల పలుచని మట్టి, కింద సున్నపురాయి. పడిన వాన పెద్దగా ఇంకదు, చాలావరకు నేరుగా వాగుల్లోకి వస్తుంది. మీ నెత్తి మీద ఎండ కాస్తున్నా ఎగువన పడిన వానకు నది నిమిషాల్లో పొంగుతుంది. 2025 జులై 4 తెల్లవారుజామున గ్వాడలూప్ నదికి వచ్చిన వరదలో వందమందికి పైగా చనిపోయారు, వాళ్లలో పిల్లలు చాలామంది. నది పక్కన కూర్చున్నప్పుడు నీళ్లు బురదరంగుకు మారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా, మట్టం కొంచెం పెరిగినట్టు అనిపించినా, సామాన్లు వదిలేసి పైకి ఎక్కండి. వెళ్లే ముందు రోజు వాతావరణం చూసేటప్పుడు పార్కు ఉన్న ఊరితో పాటు నది ఎగువన ఉన్న ఊళ్లవి కూడా చూడండి. కారులో వస్తుంటే రోడ్డు మీద పారే నీళ్లలోకి కారు దింపొద్దు.

7. ఇంటికొచ్చాక

ఆ రాత్రే అందరూ స్నానం చేసి, గోమార్లు పట్టాయేమో చూసుకోవాలి. పశువులకు పట్టే పిడుదుల్లాంటివే ఇవి. చెవుల వెనక, చంకల్లో, నడుము దగ్గర, మోకాళ్ల వెనక వెతకండి. ఉంటే సన్నని పట్టకారుతో చర్మానికి ఆనించి తల దగ్గర పట్టుకుని నిటారుగా లాగాలి. నూనె రాయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకూడదు. తర్వాతి రోజుల్లో జ్వరమో దద్దురో వస్తే డాక్టర్‌కు ఈ సంగతి చెప్పండి.

పెద్దవాళ్ల పిక్కలు రెండో రోజు పట్టేస్తాయి. వేడినీళ్ల కాపడం, ఇంట్లోనే కాస్త నడక చాలు. ఒకరోజు పూర్తిగా వదిలేసి, మూడో రోజు నుంచి మళ్లీ కాంప్లెక్స్ రౌండ్లు మొదలుపెట్టించండి. మా ఇంట్లో మూడో రోజు పొద్దున నేను లేచేసరికి బాపు అప్పటికే బూట్లు వేసుకుని, ఫోన్‌లో ఆ రాతి పొర ఫోటో ఊళ్లో ఉన్న తమ్ముడికి పంపి, "ఇది ఏ గుట్టనో చెప్పుకో" అని వాయిస్ మెసేజ్ పెడుతున్నాడు.